సగంలో సాక్ష్యం

2024 నవంబర్ 4, సోమవారం. తాండూరు

రాత్రి పదకొండు దాటింది. మా ఆయన మూడు మెత్తలు పెట్టుకొని గోడకు ఒరిగిండు. పండుకుంటే దమ్ము ఆడది, కూసుంటే నిద్ర రాదు. నేను వంటింట్ల లైటు వేసుకొని రాస్తున్న.

ఇయ్యాల ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిల రోగానికి పేరు చెప్పిండ్రు. సిలికోసిస్. డాక్టరమ్మ తొందర పడకుండ చెప్పింది. స్కాన్ ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి, ఇసుక చల్లినట్టున్న తెల్లని చుక్కలు చూపించింది. "ఏం పని చేసేటోడు?" అని అడిగింది. "బండలు పాలిష్ పట్టేటోడమ్మా, ఇరవై రెండేండ్లు" అన్న. ఆమె రాసుకున్నది. లోపలికి పోయిన రాతిపొడి మళ్ల బయటికి రాదట. దాని చుట్టూ ఊపిరితిత్తి గట్టిపడి మచ్చ కడుతదట. పని బంద్ చేసినంక గూడ ఆ మచ్చ పెరుగుతనే ఉండొచ్చట. నయం చేసే మందు లేదు. ఆయాసం తగ్గించే మందులున్నయి. ఈ రోగమున్నోళ్లకు టీబీ తొందరగ అంటుకుంటది, జాగ్రత్త అని మరీ మరీ చెప్పింది.

టీబీ అన్న మాటకు నా చేతులు చల్లబడ్డయి. నిరుడు ఇంకొక దగ్గర ఎక్స్‌రే ఒక్కటి చూసి టీబీ అనేసిండ్రు. తెమడ పరీక్షల ఏమీ రాలేదు, అయినా ఆరు నెలల కోర్సు మింగించిండ్రు. ఆ గోళీలకు మూత్రం ఎర్రగ వస్తదని ఎవరూ చెప్పలేదు. ఆయన మొదటిరోజు రక్తమనుకొని బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డడు. ఆ ఆరు నెలలు ఆయన గ్లాసు వేరే, పళ్లెం వేరే. వేరే పెట్టింది చుట్టాలు గాదు, అత్తమ్మ గాదు. నేనే. నేను చూసుకునే అంగన్‌వాడీల పిల్లలున్నరు, నాకు భయం. ఆయన ఒక్కసారి గూడ అడగలేదు. తిన్నంక పళ్లెం కడిగి, తనే తీసుకపోయి కిటికీల పెట్టుకునేటోడు.

తిరిగి వచ్చేటప్పుడు లింగంపల్లిల రైలెక్కినం. వికారాబాద్ దాటినంక బయట అంతా చీకటి. "మా నాయిన గూడ దమ్ముతోనే పాయె గదా" అన్నడు. మామ గనిల బండలు తీసేటోడు, యాభై నిండకుండనే పోయిండు. అందరం ఉబ్బసం అనుకున్నం. "ప్రార్థన చేద్దామా" అని అడిగిన. "నువ్వు చెయ్యి. నాకు మాట ఎల్లదు" అన్నడు. నాకూ ఎల్లలేదు. చెయ్యి పట్టుకొని కూసున్న. ధారూరు స్టేషను వచ్చి పోయింది.

నవంబర్ 15, శుక్రవారం. ధారూరు

కార్తీక పున్నమి. తాండూరు నుంచి వికారాబాద్ బస్సుల కాలు పెట్ట సందు లేదు. సగం మంది అనంతగిరి గుట్ట మీది పద్మనాభస్వామి గుడికి, సగం మంది మా జాతరకు. పూల బుట్ట ఒకామె ఒళ్లె, బైబిలు సంచి ఒకామె ఒళ్లె, ఇద్దరి నడుమ ఆయన. సీటిచ్చింది పూల బుట్టామె. బస్సుల మాటలన్నీ లగచర్ల గురించే, భూమి గుంజుకుంటరని ఊరోళ్లు కలెక్టరు మీదికి పోయిండ్రంట, రాత్రిపూట ఊళ్లె పడి పట్టుకపోయిండ్రంట అని. భూమి పోతదనే భయం ఏందో మాకు గూడ తెలుసు.

ఈ మెథడిస్టు జాతర 1923ల మొదలైంది. వందేండ్లు దాటింది. మా అమ్మ వాళ్ల కాలంల ఎడ్లబండ్లు కట్టుకొని, జొన్న రొట్టెలు మూట గట్టుకొని, కర్ణాటక దిక్కు నుంచి గూడ వచ్చేటోళ్లు. నైజాం రోజులల్ల వెట్టి చేసేటోళ్లకు ఏడాదిల ఈ జాతర రోజులే తలెత్తి కూసునే రోజులు అని అమ్మ చెప్పేది. దొర గడి ముంగట చెప్పులు చేతుల పట్టుకొని నడిచిన మనుషులు ఇక్కడ గుడారం ముంగట చెప్పులేసుకొని తిరిగేటోళ్లట. ఆ మాట నాకు ఏ ప్రసంగం కన్నా ఎక్కువ గుర్తుంటది.

ఇప్పుడు ఎడ్లబండ్లు తక్కువ, ఆటోలు, ట్రాక్టర్లు ఎక్కువ. గుడారాలు మాత్రం అట్లనే. మూడు రాళ్ల పొయ్యిలు, తాడుకు ఆరేసిన చీరలు, రాత్రంతా డప్పు, భజన. వేల మంది నడిచే నేల, దుమ్ము లేస్తున్నది. దస్తీ తడిపి ఆయన ముక్కుకు కట్టిన. గుడ్డ ఆ సన్నపు పొడిని ఆపదని డాక్టరమ్మ చెప్పింది. తెలుసు. అయినా కట్టిన. ఇరవై రెండేండ్లు మిషన్ కాడ కట్టుకోవాల్సింది జాతరల కట్టిన.

స్టేజి మీద సాక్ష్యాలు. కడుపుల గడ్డ కరిగిందని ఒకామె. కొడుక్కు వీసా వచ్చిందని ఒకాయన. పిల్లలు లేనోళ్లకు కవలలు. అందరం చప్పట్లు కొట్టినం, నేను మనసుపెట్టే కొట్టిన. వాళ్ల సంతోషం అబద్ధం గాదు. కానీ మైకు కాడ వరుస చూస్తుంటే ఒకటి అనిపించింది. ఆ వరుసల నిలబడ్డోళ్లంతా ఒడ్డుకు చేరినోళ్లే. నీళ్లల్ల ఉన్నోళ్లు ఏ వరుసల నిలబడాలె?

డిసెంబర్ 8, ఆదివారం

మధ్యాహ్నం బయటి ఊరి ప్రసంగీకుడు ఒకాయన ఇంటికొచ్చిండు. మంచి గొంతు, మంచి మాట. నూనె రాసి ప్రార్థన చేసిండు. పోయేముందు చెప్పులేసుకుంటూ, "ఇంట్ల దాచిన పాపం ఏమన్న ఉంటే ఒప్పుకోండి, అది అడ్డం ఉన్నది" అన్నడు. మా ఆయన తలకాయ వంచుకున్నడు. అత్తమ్మ చాయ గ్లాసులు తీస్తుండె, ఆడనే నిలబడిపోయింది.

సాయంత్రం దాక నాకు ఏమీ తోచలేదు. చీకటైనంక యోబు గ్రంథం తీసిన. నలభై రెండు అధ్యాయాలు. చిన్నప్పుడు వికారాబాద్ మిషన్ హాస్టల్ల ఆదివారం క్లాసుకు మొదటి రెండు అధ్యాయాలు, చివరి అధ్యాయం చెప్పి అయిపోయిందనేటోళ్లు. పోయింది, రెండింతలు వచ్చింది, ఆమెన్. నడుమ ముప్పై తొమ్మిది అధ్యాయాలల్ల ఆ మనిషి కొట్లాడుతడని, పుట్టిన దినాన్నే తిట్టుకుంటడని, దేవుణ్ణి పంచాయితికి రమ్మని పిలుస్తడని ఎవరూ చెప్పలేదు. అందుకని పెద్దయినంక నోరు మూసుకునుడే విశ్వాసం అనుకున్న.

యోబు స్నేహితులు వచ్చి ఏడు రోజులు, ఏడు రాత్రులు నేల మీద పక్కన కూసున్నరు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఏడు రోజులు వాళ్లు మంచోళ్లు. నోరు తెరిచినంకనే చెడిపోయిండ్రు. నువ్వేదో చేసి ఉంటవు, లేకుంటే గిట్లెందుకైతది అన్నరు. చివరికి దేవుడు కోపం చేసింది యోబు మీద గాదు, దేవుని తరఫున మాట్లాడినమనుకున్న ఆ స్నేహితుల మీద. ఈ సంగతి మా ఆయనకు చదివి వినిపించిన. చాన సేపటికి, "పాపం నాది గాదే. మోటరుది" అన్నడు.

మోటరు సంగతి నాకు తెల్వనిది గాదు. మిషన్ మీద నీళ్లు పడుతుంటే దుమ్ము లేవది, తెల్లని బురదై కాలువల పోతది. బోరు ఎండిననాడు, మోటరు కాలిపోయిననాడు పని ఆపరు. లోడు పోవాలె. ఇగ అంచులు చేతి గ్రైండర్‌తోని ఎండుగనే కొట్టుడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలు గూడ తెల్లగ ఉండేటియి. పెద్దోడు చిన్నగ ఉన్నప్పుడు "నాయిన ముసలోడయిండు" అని నవ్వేటోడు. మేమూ నవ్వినం.

డిసెంబర్ 25, బుధవారం

మందిరానికి ఆయన రాలేకపోయిండు. నాలుగు మెట్లే, రెండో మెట్టు కాడ ఆగిపోయిండు. నేను, పిల్లలు పోయి వచ్చినం.

మధ్యాహ్నం టీవీల మెదక్ చర్చి. ఇయ్యాలటికి వందేండ్లు. 1914ల మొదలుపెట్టి పదేండ్లు కట్టి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ చేసిండ్రు. కరువు రోజులల్ల జనం ఆకలితోని చస్తుంటే, వట్టిగ పెట్టే అన్నం తినుడు కష్టమని, చర్చి కట్టే పని చూపించి తిండి పెట్టిండు మిషనరీ పోస్నెట్ దొర. ఆ కథ మా దిక్కు అందరికీ తెలుసు. నాకు ఆ చర్చి ఎత్తు కన్నా, రంగుటద్దాల కన్నా అదే గొప్ప. దేవుని ఇల్లు ముందుగాల వంటిల్లయింది.

ఆయన టీవీ దిక్కు చూసుకుంట, "గంత రాయి చెక్కినోళ్లు ఎందరు దగ్గిండ్రో" అన్నడు. మంట తోని అన్నది గాదు. రాతి పని చేసినోడు రాతిని చూసి అన్న మాట. నేను ఎన్నోసార్లు ఆ చర్చిని చూసిన, ఆ ఆలోచన ఎన్నడు రాలే. వచ్చే ఏడు ప్రార్థనల ఆ రాయి చెక్కినోళ్లను గూడ తలుచుకోవాలె.

2025 జనవరి 19, ఆదివారం

కంది కోతలు అయిపోయినయి. కంది కట్టె ఊరికే దొరుకుతది గనుక ఎప్పుడు పొయ్యిలకు అదే. ఈ ఏడు ముట్టలేదు, పొగ ఆయనకు పడది. గ్యాసు సిలిండరు ఖర్చు మీద పడ్డది.

ఆక్సిజన్ మిషన్ కిరాయికి తెచ్చినం. నెల కిరాయి మా సమాజం స్త్రీలు చందా వేసుకొని కట్టిండ్రు. ఎవరెంత వేసిండ్రో రాసిన కాగితం పాస్టరమ్మ నాకు చూపించలేదు. పక్కింటి ఆపా వాళ్ల ఇన్వర్టర్ నుంచి గోడ మీదికెళ్లి వైరు గుంజి ఇచ్చింది, కరెంటు పోతే మిషన్ ఆగొద్దని. "రాత్రి లేచి చూస్త, లైటు కనపడకపోతే తలుపు కొడత" అన్నది. వాళ్ల ఇంట్ల గూడ ఇద్దరు బండల పనికే పోతరు.

మందిరంల కోత పండుగ. తాండూరు కందిపప్పుకు 2022ల జీఐ గుర్తింపు వచ్చిన సంది మా ఊరి కందికి పేరు పెరిగింది. కానుక కింద వచ్చిన కందుల సంచులు వేలం వేసిండ్రు. ఒక సంచి వేలానికి పోకుండ మా ఇంటికి వచ్చింది. తెచ్చిన పిల్లగాణ్ణి ఎవరు పంపిండ్రని అడిగితే, "తెల్వదు అత్తమ్మా, దించి రమ్మన్నరు" అని ఉరికిండు.

ఫిబ్రవరి 11, మంగళవారం

వకీలు సాబ్ కాడికి పోయి వచ్చిన. సిలికోసిస్ పనితోని వచ్చే రోగమని చట్టంలనే ఉన్నది. 1948 ఫ్యాక్టరీల చట్టం కింద ఈ రోగం కనపడితే సర్కారుకు తెలపాలె. నష్టపరిహారం చట్టమైతే 1923ది. జాతర మొదలైన సంవత్సరమే! ఇంగ్లీషోళ్ల కాలంల రాసిన చట్టం వందేండ్లయినా మా గల్లీ దాక నడిచి రాలేదు. రాజస్థాన్‌ల 2019ల ఈ రోగానికే ఒక పాలసీ తెచ్చి, సర్టిఫికెట్ వచ్చినోళ్లకు పైసలిస్తున్నరంట. మా దిక్కు ఒక్కొక్కరం ఒక్కొక్క ఆఫీసు మెట్లెక్కాలె.

పరిహారం రావాలంటే ఆయన ఆడ పని చేసిండని రుజువు గావాలె. హాజరు పుస్తకంల పేరు లేదు. ఇరవై రెండేండ్లల్ల మూడు యూనిట్లు మారిండు, ఏ ఒక్కదాంట్ల లేదు. వారం వారం చేతికి పైసలు. తోటి పనోళ్లు సాక్ష్యం చెప్పాలన్నడు వకీలు. సాక్ష్యం! మందిరంల ఎన్నిసార్లు విన్న మాట. చెప్తే రేపటి నుంచి వాళ్లకు కూలి ఉండది. అయినా ఇద్దరు చెప్తమన్నరు. వాళ్లు మన సంఘపోళ్లు గాదు. ఒకాయన ఆంజనేయస్వామి మాల వేసుకుంటడు.

ఇంటికొచ్చేసరికి పెద్దోడు కులం సర్టిఫికెట్ అప్లికేషన్ ముంగట వేసుకొని కూసున్నడు. "అమ్మా, ఏం రాయాలె?" క్రైస్తవుడని రాస్తే బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషన్. రాయకపోతే ఎస్సీ. ఎస్సీల జాబితా 1950 ఉత్తర్వు అట్లున్నది. తర్వాత సిక్కులను 1956ల, బౌద్ధులను 1990ల కలిపిండ్రు, మమ్మల్ని కలపలేదు. మతం మారితే అంటరానితనం పోయిందంటరు. మా వాడకట్టు వచ్చి చూస్తే తెలుస్తది పోయిందో లేదో. చాన మంది కాగితం మీద ఒక పేరు, మందిరంల ఒక పేరు పెట్టుకున్నరు. వాళ్లను తప్పు పట్టే నోరు నాకు లేదు, పిల్లల బతుకు అది. "నీకు పద్దెనిమిదేండ్లు దాటినయి, నువ్వు ఆలోచించు" అన్న. వాడు ఏం రాసిండో చూడలేదు. రాత్రి అప్లికేషన్ మీద వాని బైబిలు పెట్టి ఉన్నది.

మార్చి 21, శుక్రవారం

శ్రమల దినాలు. స్త్రీల ఉపవాస ప్రార్థన ఈసారి మా గల్లీల. ఇరవై మంది దాక వచ్చిండ్రు. పాటలైనయి. "సాక్ష్యాలుంటే చెప్పండి" అన్నది పాస్టరమ్మ. నేను లేస్తననుకోలేదు. లేచిన.

ఏం చెప్పిన్నో గుర్తున్నంత వరకు రాసుకుంటున్న. నా దగ్గర జయం లేదు అన్న. మా ఆయనకు నయం గాలే. రోజూ అడుగుతున్న, కొన్నిసార్లు దేవునితోని కొట్లాడుతున్న. కీర్తనలల్ల ఎనభై ఎనిమిదోది చదువుకుంటున్న. మిగతా చాన కీర్తనలు ఏడుపుతోని మొదలైనా చివరికి ఎక్కడో ఒక దగ్గర వెలుతురు తగులుతది. అది మాత్రం చీకట్లనే ముగుస్తది. ముగిసినా బైబిలుల ఉన్నది, ఎవరూ తీసేయలేదు. అది ఉన్నందుకే నేను ఇంకా ప్రార్థన చేస్తున్న అన్న. తర్వాత గ్లాసు సంగతి, పళ్లెం సంగతి చెప్పిన. ఆరు నెలలు నా భర్తను నా ఇంట్లనే అంటరానోణ్ణి చేసిన అన్న. ఆ మాట నోట్ల నుంచి వచ్చినంక నాకే దాని బరువు తెలిసింది. మనల్ని ఊరి బయట ఉంచినోళ్ల మాట అది, నేనే ఇంట్లకు తెచ్చిన. కాళ్లు వణికి కూసున్న.

ఎవరూ హల్లెలూయ అనలేదు. ఒక పెద్దమ్మ, "బిడ్డా, సాక్ష్యం గిట్ల చెప్పొద్దు, వినేటోళ్ల విశ్వాసం తగ్గుతది" అన్నది. ఆమె మంచి మనసుతోనే అన్నది, నాకు కోపం రాలేదు. కానీ ఒప్పుకోను. సిలువ మీద ప్రభువు గూడ దేవుణ్ణి, నన్నెందుకు విడిచినవని అడిగిండు, ఆయన విశ్వాసం తగ్గిందని ఎవరంటరు?

అందరూ పోతున్నప్పుడు ఒకామె చెప్పుల కాడ ఆగింది. ఆమె పెనిమిటి గూడ కటింగ్ మిషన్ మీద చేసేటోడు. "మా ఆయనకు గూడ మూడు నెలల నుంచి దగ్గు. ఎర్రగడ్డకు ఎట్ల పోవాలె?" అని అడిగింది. చీటీ మీద రాసిచ్చిన. సోమవారం వాళ్లతోని నేనే పోత.

ఏప్రిల్ 17, గురువారం

పాస్టరు అయ్యగారు ప్రభువు బల్ల సంస్కారం ఇంటికే తెచ్చిండు. చిన్న గ్లాసులు మందిరంల మర్చిపోయి వచ్చిండట. "ఇంట్లది ఒక గ్లాసు ఇవ్వమ్మా" అన్నడు. నేను కిటికీ దిక్కు చూసిన. ఆ స్టీలు గ్లాసు ఇంకా ఆడనే ఉన్నది. దాన్నే కడిగి తెచ్చిన. మా ఆయన తాగిండు, అదే గ్లాసుల నేను తాగిన, అత్తమ్మ తాగింది. మిషన్ గుర్రుమంటుంటే అయ్యగారు ప్రార్థన చేసిండు.

నేను చెప్పిన సాక్ష్యం సంగతి మా ఆయనకు ముందే తెలిసి ఉన్నదట, అత్తమ్మ చెప్పింది. రాత్రి, "ఆ పళ్లెం సంగతి నలుగుర్ల ఎందుకు చెప్పినవే" అన్నడు. నేను మాట్లాడలేదు. కొంచెం సేపు ఆగి, "మంచిగనే చెప్పినవ్ తియ్" అన్నడు.

ఏప్రిల్ 20, ఆదివారం. ఈస్టర్

నాలుగు గంటలకే లేచినం. సమాధుల తోటకు తాను గూడ వస్తనన్నడు. వద్దంటే వినలేదు. ఆపా వాళ్ల ఆటో మాట్లాడినం. చిన్న సిలిండరు పెద్దోడు పట్టుకున్నడు. నడక ఇరవై అడుగులు గూడ ఉండది, రెండుసార్లు ఆగినం.

చీకట్ల సమాధులన్నిటి మీద కొవ్వొత్తులు. సున్నం వేసినవి కొన్ని, బంతిపూల దండలు వేసినవి కొన్ని. మామ సమాధి మీద పరిచింది మా తాండూరు బండనే. తండ్రి పోయిన ఏడు ఆయనే తన చేతితోని పాలిష్ పట్టి తెచ్చిండు. నేను కొవ్వొత్తి ముట్టించి పెట్టిన. ఆయన గట్టు మీద కూసొని చేత్తో బండ తడిమిండు, అంచు ఎంబడి, మెల్లగ. "నీళ్ల సీసా ఇయ్యి" అన్నడు. దాహమనుకున్న. తాగలేదు. కొన్ని నీళ్లు బండ మీద పోసి, అరచేతితోని అటు ఇటు రాసిండు. బూడిద లెక్క ఉన్న రాయి నీలం తేలింది, కొవ్వొత్తి వెలుగు దాంట్ల కనపడ్డది.

"చూడు, గీత లేదు" అన్నడు పెద్దోనితోని. "ఇది నీళ్లు పోసి పట్టిన బండ."